నూనెను మట్టితో తేటపరచడం ఎలా?

"ముల్తానీ మట్టి వేస్తే నూనె రంగు పోతుందా?" సబ్బులు చేసేవారు, గానుగ పెట్టుకున్నవారు, కెమిస్ట్రీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. పోతుంది. అయితే అడిగినవారిలో చాలామంది అప్పటికే ఒకసారి ప్రయత్నించి, గిన్నెలో బురద మిగిలి, వడకట్టలేక వదిలేసినవారే. అందులో తప్పు మట్టిది కాదు. మట్టి వేయకముందు నూనెకు చేయవలసిన పని చేయలేదు, వేశాక వడపోతకు సిద్ధంగా లేరు. నూనె శుద్ధి విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి గట్టిగా చెప్పగలను: మట్టి చేసే పని అరగంట. దానికి ముందూ వెనకా ఉండే పనికి ఒకటిన్నర రోజు పడుతుంది.

ఇక్కడ కిలో ఆముదాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎక్స్‌పెల్లర్‌లో ఆడించిన ఆముదం ముదురు పసుపులో, కొన్నిసార్లు గోధుమ రంగులో వస్తుంది. సబ్బుకు, తలనూనెకు అది లేత రంగులో ఉండాలని అందరూ కోరుకుంటారు. ఆముదంలో జిగురు పదార్థాలు తక్కువ, కాబట్టి మొదటిసారి చేసేవారికి అనుకూలం. దాని చిక్కదనం ఒక్కటే వడపోతలో ఓపిక పరీక్షిస్తుంది. మిగతా నూనెల సంగతి చివర్లో చెబుతాను.

ముందు, ఏ నూనెకు చేయకూడదో చూడండి

వాడిన వంటనూనెను మట్టితో తేటచేసి మళ్లీ వంటకు వాడకండి. ఈ మాట ఎన్నిసార్లయినా చెబుతాను. బజ్జీలు వేయించి నల్లబడిన నూనెలో మట్టి వేస్తే రంగు నిజంగానే విరుగుతుంది, చూడటానికి కొత్త నూనెలాగే ఉంటుంది. కానీ పదేపదే కాగినప్పుడు పుట్టిన చెడు పదార్థాలన్నీ రంగుతో పాటు పోవు. మొత్తం పోలార్ పదార్థాలు (నూనె పదేపదే కాగినప్పుడు విరిగి పుట్టేవి) 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని 2018 జులై 1 నుంచి మన ఆహార భద్రతా నిబంధన ఉంది. ఆ శాతం కంటికి కనిపించేది కాదు. అలాంటి నూనెను సబ్బుకు వాడుకోండి, బయోడీజిల్‌కు సేకరించేవారికి ఇవ్వండి.

తినడానికి ఆడించిన గానుగ నూనె జోలికి కూడా మట్టిని తీసుకుపోవద్దు. పల్లీ నూనెకు, నువ్వుల నూనెకు ఆ రంగు, ఆ కమ్మని వాసనే విలువ. పైగా మట్టి తగిలిన నూనెకు కొంచెం మట్టివాసన అంటుకుంటుంది. రిఫైనరీలలో ఆ వాసనను 230 డిగ్రీలకు పైగా వేడిమీద, వ్యాక్యూమ్‌లో ఆవిరి పంపి తీసేస్తారు. అది ఇంట్లో అయ్యే పని కాదు. బూజు పట్టిన గింజల నూనెను మట్టితో బాగుచేయాలన్న ఆలోచన అసలే పెట్టుకోకండి.

ఏ మట్టి?

బురదనీటిలో ఇండుపగింజ అరగదీసి కలిపితే మురికి ముద్దకట్టి అడుక్కి చేరుతుంది. నూనెలో మట్టి పని అలాంటిది కాదు. నూనెలో కరిగి ఉన్న రంగు పదార్థాలు, జిగురు, సబ్బు ఆనవాళ్లు, లోహాలు మట్టి రేణువుల ఉపరితలానికి అతుక్కుంటాయి. అందుకే ఎంత మట్టి వేశామన్నదాని కంటే దాని ఉపరితలం ఎంత ఖాళీగా, ఎంత చురుగ్గా ఉందన్నది ముఖ్యం. మీరు తెలుసుకోవలసిన సిద్ధాంతం ఇంతే.

సహజమైన మట్టి అంటే ముల్తానీ మట్టి, ఫుల్లర్స్ ఎర్త్. రాజస్థాన్‌లోని బాడ్మేర్ నుంచి ఎక్కువగా వస్తుంది. మన వికారాబాద్ జిల్లా తాండూరు వైపు కూడా ఫుల్లర్స్ ఎర్త్ గనులున్నాయి. శుద్ధి చేసిన మట్టిని మిల్లుల్లో బ్లీచింగ్ ఎర్త్ అని, పొట్టిగా 'ఎర్త్' అని అంటారు. బెంటొనైట్ జాతి మట్టిని సల్ఫ్యూరిక్ లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కొన్ని గంటలు మరిగించి, కడిగి, ఆరబెట్టి, పొడిచేస్తారు. ఆమ్లం మట్టి పొరల్లోని కొంత అల్యూమినియం, ఇనుము, మెగ్నీషియంను కరిగించి బయటికి లాగుతుంది. ఆ జాగాలన్నీ సన్నని రంధ్రాలవుతాయి. మంచి ఎర్త్‌లో ఒక్క గ్రాముకు 200 నుంచి 300 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది.

ఎవరికి ఏది? నూనె మరీ ముదురు కాకపోతే సహజమైన మట్టి చాలు. అది నూనె ఆమ్లతను పెద్దగా పెంచదు, కానీ రెట్టింపు మోతాదు పడుతుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న నూనెకు, ముదురు నూనెకు శుద్ధి చేసిన మట్టే కావాలి. ఆమ్లంతో మరిగించే పని ఇంట్లో చేయవద్దు. మరిగే ఆమ్లం, దాని ఆవిరి, కడిగిన నీళ్లు అన్నీ ప్రమాదకరమే. శుద్ధి చేసిన మట్టి కిలోల లెక్కన దొరుకుతుంది, కొనుక్కోండి.

మట్టి పేరుతో ఇంకొన్ని వాడి దెబ్బతిన్నవారున్నారు. వాటి గురించి కూడా చెప్పాలి.

చౌడు: బట్టలు ఉతికిన మట్టే కదా అని వేస్తారు. అది క్షారం. నూనెలోని ఆమ్లాలతో కలిసి సబ్బు తయారవుతుంది, నూనె నురగకట్టి చిక్కబడుతుంది.

సుద్ద, తెల్లమట్టి: తెల్లగా ఉన్నంత మాత్రాన రంగు పీల్చదు. సుద్ద అయితే ఆమ్లాలతో సబ్బులు కూడా చేస్తుంది.

నల్లరేగడి: ఈ ఆలోచన వచ్చినవారిని మెచ్చుకోవాలి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ గుణం బెంటొనైట్ జాతి ఖనిజం వల్లే వస్తుంది. కానీ పొలంలోని రేగడిలో సున్నపు గులకలు, కుళ్లిన ఆకు, ఎరువుల లవణాలు, పురుగుమందుల శేషాలు ఉంటాయి. వాడవద్దు.

బోర్లు వేసేవారు వాడే బెంటొనైట్: నీటిలో జెల్లీలా ఉబ్బే సోడియం రకం. నూనె రంగు మీద దాని ప్రభావం చాలా తక్కువ.

ఫేస్‌ప్యాక్ పొడి: గంధం, గులాబీ, రంగు, పరిమళం ఏదో ఒకటి కలిసి ఉంటుంది. పొట్లం మీద ముల్తానీ మట్టి ఒక్కటే ఉందని రాసి ఉంటేనే తీసుకోండి.

కొన్న మట్టి ఏమిటో తేల్చుకోవడానికి రెండు చిన్న పరీక్షలు చేయండి. 10 గ్రాముల మట్టిని 100 మిల్లీలీటర్ల స్వేదనజలంలో కలిపి, పది నిమిషాల తరువాత పీహెచ్ కాగితం ముంచండి. 7 నుంచి 9 మధ్య ఉంటే సహజమైనది. 3, 4 దగ్గర ఉంటే ఆమ్లంతో శుద్ధి చేసినది. 10 దాటితే పక్కన పెట్టేయండి. రెండోది: గాజు గ్లాసు నీటి మీద చిటికెడు మట్టి చల్లండి. అడుక్కి చేరి, ఉబ్బకుండా పొడిపొడిగానే ఉంటే మంచిది. ఉబ్బి మెత్తని జిగురులా మారితే అది బోర్ల మట్టి.

కావలసినవి

- ఆముదం 1 కిలో, కనీసం రెండు రోజులు కదపకుండా తేర్చి, పైతేట మాత్రమే తీసుకున్నది
- శుద్ధి చేసిన మట్టి 10 నుంచి 20 గ్రాములు, లేదా సహజమైన మట్టి 20 నుంచి 40 గ్రాములు
- నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) 1 గ్రాము, సహజమైన మట్టి వాడితే మరో అర గ్రాము
- స్వేదనజలం
- 2 లీటర్ల స్టీలు గిన్నె, దానికి సరిపోయే మూత
- 150 డిగ్రీల వరకు చూపే థర్మామీటరు
- గ్రాములు చూపే చిన్న తూకం
- మంట లేని పొయ్యి: ఇండక్షన్ లేదా హాట్ ప్లేట్
- దళసరి నూలుగుడ్డ, వడపోత కాగితాలు. వీలుంటే బుక్నర్ గరాటు (వ్యాక్యూమ్ పెట్టి వడకట్టే చిల్లుల గరాటు), చేతి వ్యాక్యూమ్ పంపు
- ముక్కుకు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు
- ఒకే కొలత ఉన్న గాజు పరీక్షనాళికలు

గిన్నె, గరిటె తప్పనిసరిగా స్టీలువే కావాలి. ఇంట్లో పాత ఇత్తడి గిన్నె బాగుంటుందని ఒకరిద్దరు వాడారు. రాగి ఆనవాళ్లు నూనెను త్వరగా చెడగొడతాయి. ఇనుప మూకుడు కూడా వద్దు. మాస్కు సంగతి తేలిగ్గా తీసుకోకండి: మట్టి పొడిలో సన్నని సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చేసే విధానం

1. కొంచెం నూనె పక్కన పెట్టండి. శుద్ధి మొదలుపెట్టకముందే ఒక పరీక్షనాళిక నిండా అసలు నూనె తీసి, మూత పెట్టి, చీకట్లో ఉంచండి. చివర్లో పోల్చుకోవడానికి ఇది లేకపోతే "కొంచెం తగ్గినట్టుంది" అనడం తప్ప ఏమీ తేలదు.

2. జిగురు తీయండి. నూనెను 70 డిగ్రీలకు వేడిచేయండి. 1 గ్రాము నిమ్మ ఉప్పును 3 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో కరిగించి, సన్నధారగా పోస్తూ 15 నిమిషాలు కలపండి. తరువాత 20 మిల్లీలీటర్ల వేడినీళ్లు పోసి మరో 20 నిమిషాలు మెల్లగా తిప్పండి. వేగంగా గిలకొడితే నీరూ నూనే కలిసి మజ్జిగలా అయిపోతాయి. ఆ తరువాత రాత్రంతా కదపకుండా ఉంచండి. ఆముదం సాంద్రత 0.96, అంటే నీటికి బాగా దగ్గర. మిగతా నూనెల్లో గంటలో దిగే నీరు ఇందులో నిదానంగా దిగుతుంది. గిన్నెకు పాత దుప్పటి చుట్టి వెచ్చగా ఉంచితే త్వరగా తేరుతుంది. పొద్దున్నే పైనూనెను వంచుకుని, అడుగున చేరిన మడ్డిని వదిలేయండి. ఆముదం మడ్డిని, చెక్కను పశువులకు పెట్టవద్దు, అందులో రిసిన్ అనే విషం ఉండవచ్చు.

హెచ్చరిక: 100 డిగ్రీలు దాటిన నూనెలో ఎప్పుడూ నీళ్లు పోయకండి. పొంగి మీద పడుతుంది.

నూనెకు ముందే కాస్టిక్ వాష్ (కాస్టిక్ సోడా నీటితో ఆమ్లాలను తీసేయడం) చేసి ఉంటే ఈ దశ అవసరం లేదు, కానీ సబ్బు పూర్తిగా పోవాలి. నూనె బరువులో పదో వంతు వేడినీటితో రెండుసార్లు కడగండి. సబ్బు మిగిలితే అది ముందుగా మట్టి మీద పరుచుకుని దాని చురుకునంతా తినేస్తుంది. "రెట్టింపు మట్టి వేసినా రంగు తగ్గలేదు" అని వచ్చేవారి నూనెలో నూటికి ఎనభై పాళ్లు నేను చూసింది ఇదే. చూసుకోవడం తేలిక: చిన్న సీసాలో కొంచెం నూనె, అంతే వేడినీళ్లు పోసి పదిసార్లు తిరగేయండి. అడుగున నీరు పాలలా ఉండి, పైన నురగ నిలిచిపోతే ఇంకా సబ్బు ఉన్నట్టే.

3. ఆరబెట్టండి. నూనెను నెమ్మదిగా 105 డిగ్రీలకు తీసుకెళ్లండి. మొదట చిన్న చిన్న బుడగలు, కొంచెం నురగ వస్తాయి. బుడగలు ఆగేదాకా అక్కడే ఉండండి. వేడి స్టీలు చెంచా మీద ఒక చుక్క వేస్తే చిటపటమనకూడదు. తడి నూనెలో మట్టి వేస్తే ముద్దకడుతుంది, వడపోత కాగితం పూడుకుపోతుంది. ఇంకో మాట: మట్టిని మాత్రం పెనం మీద వేయించి ఎండబెట్టకండి. మట్టి పొరల మధ్య ఉండే 10, 15 శాతం తేమే ఆ పొరలను విప్పి ఉంచుతుంది. అది పూర్తిగా పోతే పొరలు మూసుకుపోయి మట్టి మందకొడిగా మారుతుంది.

4. మోతాదు తేల్చుకోండి. మొత్తం నూనె మీద ఒకేసారి ప్రయోగం చేయకండి. 100 గ్రాముల చొప్పున మూడు చిన్న గిన్నెల్లో తీసుకుని 1, 2, 3 గ్రాముల మట్టితో కింద చెప్పిన విధంగానే చేసి, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి గ్రాము తీసినంత రంగు రెండో గ్రాము తీయదు, మూడోది ఇంకా తక్కువ తీస్తుంది. 2కూ 3కూ తేడా కనిపించకపోతే 2 దగ్గరే ఆగండి. అక్కర్లేని ప్రతి గ్రాము మట్టీ మీ నూనెను తాగేస్తుంది.

5. మట్టి కలపండి. ఆరిన నూనెను 80 డిగ్రీలకు చల్లారనివ్వండి. తూచిన మట్టిని చిన్న గిన్నెలో కొంచెం నూనెతో దోసెపిండిలా జారుగా కలుపుకుని, అప్పుడు పెద్ద గిన్నెలో పోయండి. పొడిగా చల్లితే ఉండలు కట్టి లోపలి మట్టి పని చేయకుండానే మిగిలిపోతుంది. సహజమైన మట్టి వాడుతున్నవారు దానికి ముందు అర గ్రాము నిమ్మ ఉప్పును నాలుగైదు చుక్కల నీటిలో కరిగించి నూనెలో కలిపితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

6. వేడి పెంచి నిలపండి. పది నిమిషాల్లో 80 నుంచి 100 డిగ్రీలకు తీసుకెళ్లి, 25 నిమిషాలు అక్కడే నిలపండి. మట్టిలోని తేమ ఈలోగా ఆవిరై పోతూ ఉంటుంది, కొంచెం నురగ మామూలే. మట్టి అడుక్కి దిగకుండా ఉండేంత మాత్రమే కలపాలి, నూనెలో సుడి తిరిగేలా కాదు. సుడి తిరిగితే గాలి లోపలికి వెళుతుంది. వేడినూనె, చురుకైన మట్టి, గాలి కలిస్తే నూనె మక్కువాసనకు దారి తెరిచినట్టే. మిల్లుల్లో ఈ పనంతా వ్యాక్యూమ్‌లో చేసేది ఇందుకే. మనకు ఆ వసతి లేదు కాబట్టి మూత కొంచెం సందు వదిలి పెట్టి, వేడి 105 దాటకుండా, ఆ వేడిలో ఉంచే సమయం అరగంట మించకుండా చూసుకోండి.

ఎక్కువసేపు కాస్తే ఎక్కువ రంగు పోతుందన్నది చాలామంది నమ్మకం. నిజానికి అరగంట దాటాక రంగు మళ్లీ ముదరడం మొదలవుతుంది. ఒక మధ్యాహ్నం నేనే నాలుగు గాజు నాళికలు వరుసగా పెట్టి చూశాను: పది నిమిషాలకు తేనె రంగు, ఇరవై నిమిషాలకు లేత నిమ్మ రంగు, ముప్పైకి అదే, గంటకు మళ్లీ తేనె వైపు. ఆముదం విషయంలో మరీ జాగ్రత్త. 230 డిగ్రీలకు పైన ఆమ్ల స్వభావమున్న పదార్థంతో కాచి, ఆముదాన్ని పెయింట్లకు పనికొచ్చే, ఆరిపోయే నూనెగా మార్చే పరిశ్రమే ఉంది. మీరు అంత వేడికి వెళ్లరు, కానీ థర్మామీటరు లేకుండా పొయ్యి మీద వదిలేసి పక్క గదిలోకి పోవడం మాత్రం వద్దు.

రంగు బాగా ముదురైతే మట్టిని రెండు దఫాలుగా వేయండి: సగం వేసి, వడకట్టి, మళ్లీ సగం. ఒకేసారి 30 గ్రాములు వేసినదాని కంటే రెండుసార్లు 15 వేస్తే రంగు ఎక్కువ పోతుంది. శ్రమ రెట్టింపు, నూనె నష్టం మాత్రం దాదాపు అంతే.

7. వడకట్టండి. అసలు పరీక్ష ఇక్కడే. నూనెను 75, 80 డిగ్రీల దాకా మాత్రమే చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారిన ఆముదం గుడ్డలోంచి దిగదు. గరాటులో కాగితం వేసి, ముందుగా మట్టి కలిసి ఉన్న నూనెను రెండు చెంచాలు నెమ్మదిగా పోసి, కాగితం మీద సన్నని మట్టిపొర పరుచుకునేలా చేయండి. ఆ పొరే నిజమైన జల్లెడ. మొదట దిగే ధార మబ్బుగా ఉంటుంది. చాలామంది అది చూసి "మట్టి దిగిపోతోంది" అని కాగితం మార్చేస్తారు, మళ్లీ మొదటికి వస్తారు. మార్చవద్దు. మొదటి 100 మిల్లీలీటర్లను తిరిగి పైన పోయండి. పొర కుదిరాక ధార సన్నబడి, వెలుతురుకు ఎదురుగా పెడితే అద్దంలా మెరుస్తుంది. ఆ క్షణం కోసమే ఈ శ్రమంతా. పొర మీదుగా దిగే నూనెకు మట్టి ఇంకొంచెం పనిచేసి పెడుతుంది కూడా, అందుకే గరాటు కింద నూనె గిన్నెలోని దానికంటే లేతగా కనిపిస్తుంది.

వ్యాక్యూమ్ పంపు లేనివారు నాలుగు మడతల నూలుగుడ్డలో మొదట ఒకసారి, తరువాత కాగితంలో ఒకసారి వడకట్టండి. గుడ్డను పిండకండి. పిండితే సన్నని మట్టి మీ చేతుల్లోంచే నూనెలోకి దిగుతుంది.

8. చల్లార్చి నింపండి. మూత పెట్టి 40 డిగ్రీలకు చల్లారాక ముదురు రంగు సీసాల్లో అంచుదాకా నింపండి. మట్టి నూనెలోని సహజ రక్షక పదార్థాలను కూడా కొంత తీసేస్తుంది. తేటపడిన నూనె ముడి నూనెకంటే త్వరగా చెడుతుంది, నెలలకొద్దీ నిల్వ పెట్టుకోకండి.

9. వాడిన మట్టిని అప్పుడే చూసుకోండి. దీని గురించి చివర్లో ప్రత్యేకంగా చెబుతాను. అది చదవకుండా వడపోత మొదలుపెట్టకండి.

ఫలితం సరిగా వచ్చిందో లేదో

రంగు: మొదట దాచిన నాళికను, కొత్త నూనె నాళికను తెల్లకాగితం ముందు, పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టండి. ట్యూబులైటు కింద కాదు. నాళికల మందం సమానంగా ఉండాలి, లేకపోతే మందపు నాళికలో నూనె ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. అమ్మకానికి చేసేవారు లావిబాండ్ టింటోమీటరు (నూనె రంగును అంకెల్లో కొలిచే పరికరం) ఉన్న ప్రయోగశాలలో చూపించండి. పసుపు అంకెకు ఎరుపు అంకెను 5తో గుణించి కలిపి చెబుతారు. ఎరుపు ఒక్క అంకె తగ్గినా మొత్తంలో 5 తగ్గుతుంది కాబట్టి ఆ రెండు అంకెలనూ విడివిడిగా అడిగి రాసుకోండి.

మట్టి మిగిలిందా: ఒక సీసాను రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే అడుగును టార్చిలైటుతో చూడండి. బూడిదరంగు సన్నని గీత కనిపిస్తే మళ్లీ వడకట్టాలి. మట్టి మిగిలిన నూనె రంగు వారంలోనే వెనక్కి వస్తుంది, సబ్బులో గరగర తెలుస్తుంది.

ఆమ్లత: 10 గ్రాముల నూనెను తటస్థపరచిన ఆల్కహాల్‌లో కలిపి, ఫినాల్ఫ్‌థలీన్ చుక్కలు వేసి, 0.1 నార్మల్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో లేత గులాబీ రంగు వచ్చేదాకా టైట్రేట్ చేయండి. పట్టిన మిల్లీలీటర్లను 5.61తో గుణించి నూనె బరువుతో భాగిస్తే ఆమ్ల విలువ వస్తుంది. 1.8 మిల్లీలీటర్లు పడితే దాదాపు 1. శుద్ధికి ముందూ తరువాతా చూడండి. ఆమ్లంతో శుద్ధి చేసిన మట్టి వాడినప్పుడు కొద్దిగా పెరగడం సహజం. బాగా పెరిగితే నూనెలో తడి మిగిలింది, లేదా వేడి ఎక్కువైంది. సబ్బు లెక్కలో మీరు వాడే సపోనిఫికేషన్ విలువ మాత్రం మారదు.

వాసన: అరచేతిలో రెండు చుక్కలు రుద్ది చూడండి. కొంచెం మట్టివాసన ఉంటే పరవాలేదు. పాత పెయింటు వాసన వస్తే గాలి తగిలి నూనె చెడింది. పెరాక్సైడ్ విలువ (గాలికి నూనె ఎంత చెడిందో చూపే కొలత) తక్కువ వచ్చిందని అప్పుడు సంతోషించకండి. మట్టి పెరాక్సైడ్లను విరగ్గొడుతుంది, వాటి నుంచి పుట్టిన వాసన పదార్థాలు నూనెలోనే ఉండిపోతాయి.

ఎంత చేసినా రంగు పోకపోతే

మొదట సబ్బు, తరువాత తడి, ఆ తరువాత పాత మట్టి: ఈ వరుసలో వెతకండి. సంచి విప్పి నెలలు గడిచిన మట్టి చుట్టుపక్కల తేమను, వాసనలను పీల్చుకుని అలిసిపోయి ఉంటుంది. ఇవేవీ కాకపోతే గింజల్ని అనుమానించండి. కళ్లంలో వానకు తడిసిన ఆముదం గింజలను ఆడిస్తే, లేదా ఎక్స్‌పెల్లర్ అతిగా వేడెక్కితే, రంగు నూనెలో పాతుకుపోతుంది. దాన్ని మట్టి కదిలించలేదు. మట్టి బరువులో పదో వంతు యాక్టివేటెడ్ కార్బన్ కలిపి ఒకసారి ప్రయత్నించవచ్చు, కానీ వడపోత ఇంకా నిదానమవుతుంది. అప్పటికీ తగ్గకపోతే ముదురు సబ్బు చేసుకోండి, నూనెను మళ్లీ మళ్లీ కాచి పాడుచేయకండి.

మిగతా నూనెలు

కొబ్బరి నూనె అన్నిటికంటే తేలిక, 60 డిగ్రీల దగ్గర నీళ్లలా వడకడుతుంది. పొగపెట్టి ఎండబెట్టిన కురిడీ కొబ్బరి నూనెకు మాత్రం కార్బన్ కూడా కలపాలి, పొగ వల్ల చేరే హానికర పదార్థాలను అది మట్టికంటే బాగా పట్టుకుంటుంది. సబ్బుకు వాడే పల్లీ నూనెలో జిగురు తీసే దశను మానవద్దు. పొద్దుతిరుగుడు నూనె చలికి మబ్బుగా మారితే అది మైనం, మట్టితో పోదు. తవుడు నూనెను ఇంట్లో మొదలుపెట్టకండి: మైనం, జిగురు, ముదురు రంగు, అధిక ఆమ్లత నాలుగూ ఒకేచోట ఉంటాయి. కానుగ, వేప నూనెల రంగు కొంత తగ్గుతుంది, వాసన పోదు. పురుగుమందుగా వాడే వేపనూనెకు ఆమ్ల మట్టి, వేడి రెండూ చెరుపే, పురుగుల మీద పనిచేసే అజాడిరాక్టిన్ అనే పదార్థం దెబ్బతింటుంది.

వాడిన మట్టి

మిల్లుల్లోని పెద్ద వడపోత యంత్రమైన ఫిల్టర్ ప్రెస్‌లో గాలి పంపి ఆరబెట్టిన మట్టిలో కూడా బరువులో పావు నుంచి మూడో వంతు దాకా నూనె మిగులుతుంది. చేతివడపోతలో ఇంకా ఎక్కువ. ఆ నూనె సన్నని పొరగా, గాలికి విచ్చుకుని ఉంటుంది. గాలితో చర్య జరిపి వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోలేక పెరుగుతుంది, నిప్పు దగ్గర లేకపోయినా అంటుకుంటుంది. పొద్దుతిరుగుడు, సోయా, అవిసె నూనెల మట్టికి ఈ గుణం బాగా ఎక్కువ. ఆముదానికి, కొబ్బరి నూనెకు తక్కువ, కానీ లేదనుకోవద్దు.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక మిల్లు వెనక, మే నెల మధ్యాహ్నం, పొద్దుతిరుగుడు మట్టి కుప్ప పక్కన నిలబడ్డాను. పైన చెయ్యి పెడితే ఎండ వేడి తప్ప ఏమీ తెలియలేదు. పని తెలిసిన ఒక పెద్దాయన పారతో కుప్పను చీల్చారు. లోపలి మట్టి నల్లగా మారి ఉంది, కమురు వాసనతో పొగ లేచింది, గాలి తగలగానే అంచు ఎర్రబడింది. పక్కనే ఖాళీ గోనెసంచులు. ఆయన కేకతో అందరం బకెట్లు పట్టుకుని పరుగెత్తాం.

అందుకే వడపోత ముగిసిన వెంటనే మట్టిని, నూనె గుడ్డలను, కాగితాలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, మునిగేదాకా నీళ్లు పోయండి. ప్లాస్టిక్ సంచిలో కట్టి మూలన పెట్టకండి, చెత్తకుండీలో పొడిగా పారేయకండి. గుడ్డలను సోడాతో ఉడికించి, ఉతికి, ఆరుబయట విప్పి ఆరవేశాకే మళ్లీ వాడండి. తడిమట్టిని పెరటి గోతిలో పేడతో, ఆకుతో కలిపి పలుచగా పరిచి కప్పేస్తే నెమ్మదిగా మట్టిలో కలుస్తుంది. ఆమ్లంతో శుద్ధి చేసిన రకమైతే గుప్పెడు సున్నం కూడా చల్లండి. అదే మట్టిని ఎండబెట్టి మళ్లీ నూనెలో వేయవచ్చా అని కూడా అడుగుతుంటారు. వేయకండి. దాని జాగాలన్నీ నిండిపోయి ఉంటాయి, అందులోని మక్కు నూనె మీ కొత్త నూనెలోకి వస్తుంది.